మూగదెబ్బ గురించి పిలకాయలకు చెప్పే ముందు

తిరుపతి,
మంగళవారం రాత్రి

పాపా,

నిన్న మీ నాయన ఫోన్ చేశాడు. వచ్చే సోమవారం నువ్వు ఒకటో తరగతి, రెండో తరగతి పిలకాయలను కూర్చోబెట్టి దెబ్బల గురించి చెప్పబోతున్నావట. మీ బడి అబ్బాయి బండి మీద నుంచి పడి ఆసుపత్రిలో ఉంటే, మిగతావాళ్ళు 'వాడికి నెత్తురే రాలేదు కదా టీచర్, ఆసుపత్రి ఎందుకు?' అని అడిగారట. 'మీకెందుకు, పలక తీయండి' అనకుండా, ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలని నీకు తోచింది చూడు, అది విని నాకు కళ్ళు చెమర్చాయి. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కూడా కాలేదు నీకు.

ఆ వెంటనే మీ నాయన ఇంకో మాట అన్నాడు. 'డబ్బాలో కోడిగుడ్డు పెట్టి ఊపి, పగిలిపోయాక తీసి చూపిస్తుందంట అక్కా, తల సంగతి అర్థం కావాలని' అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఫోన్‌లో అయితే సగం చెప్పి సగం మింగేస్తానని ఉత్తరం రాస్తున్నా. గురువారం మీ నాయన షుగర్ పరీక్షకు ఇక్కడికి వస్తాడు కదా, చేతికిచ్చి పంపుతా.

చిన్న విషయాలు ముందే చెప్పేస్తా. ఇరవై నిమిషాలకు మించొద్దు. నువ్వూ వాళ్ళతో పాటు కిందే కూర్చో. మధ్యాహ్న భోజనానికి ముందు పెట్టుకో. చెప్పింది విని, తిని, ఆడుకుని మామూలైపోతారు. సాయంత్రం బడి వదిలే ముందు చెప్తే ఆ మాటలన్నీ మోసుకుని పడుకోబోతారు. హెడ్మాస్టరుకు ముందే చెప్పు. ఆసుపత్రిలో ఉన్న అబ్బాయి అమ్మానాన్నలను అడగకుండా వాడి సంగతి ఎత్తొద్దు.

ఇక గుడ్డు సంగతి. పాపా, పిలకాయల ముందు దేన్నీ పగలగొట్టొద్దు. ఎందుకంటావా, నేను ఆ పని చేశాను. ఈ సంగతి మీ నాయనకు కూడా పూర్తిగా తెలియదు.

1998 మార్చి. ఒంటిపూట బడులు మొదలైన రోజులు. మీ అబ్బ చదివిన మన ఊరి బడిలోనే, హెడ్మాస్టరు నన్ను పిలిచి, 'నర్సమ్మా, పిలకాయలకు నాలుగు మంచి మాటలు చెప్పు' అన్నాడు. అప్పుడు నాకు క్యాజువాలిటీలో డ్యూటీ. హెల్మెట్ లేని తలలు, బస్సు మెట్ల మీద నుంచి జారిన తలలు, చెట్ల మీద నుంచి పడ్డ తలలు చూసి చూసి లోపల ఒక కోపం పేరుకుపోయి ఉండేది. ఆ కోపంతోనే బడికి పోయాను. దారిలో ఒక పుచ్చకాయ కొన్నాను. పిలకాయలందరినీ వరండాలో కూర్చోబెట్టి, కాయను రెండు చేతులతో పైకెత్తి, 'ఇదిగో, ఇదే మీ తల. చెట్లెక్కి, గోడలెక్కి దూకితే ఏమవుతుందో చూడండి' అని గచ్చు మీద వదిలేశాను.

ముందు వరసలో కూర్చున్న ఒక పాప తెల్ల చొక్కా మీద ఎర్ర చుక్కలు పడ్డాయి. ఆ పాప వాటిని తుడుచుకోలేదు. ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరూ కదల్లేదు. వాళ్ళు శ్రద్ధగా వింటున్నారనుకున్నాను నేను. హెడ్మాస్టరు కూడా, 'బాగా మనసుకెక్కింది' అన్నాడు.

ఏప్రిల్‌లో ఒక రాత్రి డ్యూటీలో ఉండగా, తెల్లవారుజామున నాలుగు గంటలకు, పాలవ్యానులో ఒక పిల్లాడిని తీసుకొచ్చారు. అప్పటికి 108 లేదు కదా, అది 2005 ఆగస్టు 15న వచ్చింది. మన ఊళ్ళ నుంచి రాత్రిపూట ఎవరికేమొచ్చినా పాలవ్యానే దిక్కు. ఏడేళ్ళవాడు. వాళ్ళమ్మను చూడగానే గుర్తుపట్టాను, మన వీధి చివర ఇల్లు. 'ఎండదెబ్బ తగిలిందమ్మా, సాయంత్రం నుంచి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. మజ్జిగ తాపి పడుకోబెట్టాను. లేపితే లేవడం లేదు' అంది. ఒంటి మీద గీత కూడా లేదు. టార్చి లైటు కళ్ళలోకి వేసి చూశాను. ఒక కనుపాప చిన్నదైంది. రెండోది పెద్దగా అలాగే ఉండిపోయింది. చెవి పైన జుట్టులోకి వేళ్ళు పోనిస్తే మెత్తగా ఉబ్బు తగిలింది.

మధ్యాహ్నం చింతచెట్టు మీద నుంచి పడ్డాడు వాడు. పడి, లేచి, దుమ్ము దులుపుకుని కాసేపు ఆడాడు కూడా. తలకు తగిలే దెబ్బల్లో ఇలాంటిదొకటి ఉంటుంది. పుర్రెకూ, మెదడు మీద ఉండే పొరకూ మధ్య నెత్తురు కొద్దికొద్దిగా చేరుతుంది. మొదట్లో మనిషి బాగానే ఉంటాడు, మాట్లాడతాడు, నడుస్తాడు. కొన్ని గంటలు పోయాక మత్తు వస్తుంది. ఆ మధ్యలో ఉన్న గంటలే మన చేతిలో ఉన్న గంటలు. వాటిని వాడు ఎవరికీ చెప్పకుండా పోగొట్టుకున్నాడు.

ఆపరేషన్ అయింది. దేవుడి దయ, డాక్టర్ల చలవ, వాడు బతికాడు. ఐదో రోజు కూర్చుని ఇడ్లీ తింటుంటే పక్కన కూర్చుని అడిగాను, 'ఏం నాయనా, పడినప్పుడే అమ్మతో ఎందుకు చెప్పలేదు?' అని. వాడు నన్ను చూడకుండా పళ్ళెం వైపు చూస్తూ చెప్పాడు. 'నా తల లోపల కాయ మాదిరి పగిలిపోయుంటుందనుకున్నా. కదిలితే కారిపోతుందని పడుకున్నా. చెప్తే అమ్మ ఏడుస్తుందని చెప్పలేదు.'

నేను లేచి స్టోర్ రూములోకి పోయి తలుపేసుకున్నాను.

చెట్లెక్కకుండా ఆపాలని పోయి, నేను వాడి నోరు కట్టేశాను. వాడు చెట్టెక్కడం మానలేదు, చెప్పడం మానేశాడు. చిన్నపిల్లలకు భయం పెడితే ఇదే జరుగుతుంది పాపా. ఆరేళ్ళ బిడ్డకు 'మాదిరి' అనే మాట వినపడదు. 'తల గుడ్డు మాదిరి' అంటే, నా తల గుడ్డే అనుకుంటుంది. ఆ రాత్రి ఎక్కడైనా గోడకు తల తగిలితే పక్కలో పడుకుని, లోపల పచ్చసొన కారుతోందేమోనని చూసుకుంటూ ఉంటుంది. నువ్వు పక్కన ఉండవు.

మరి ఎలా చెప్పాలి? మన భాషలోనే మంచి మాట ఉంది కదా, మూగదెబ్బ. గాయం పైకి కనపడుతుంది, నెత్తురు వస్తుంది, అందరూ పరిగెత్తుకొస్తారు. మూగదెబ్బ పైకి కనపడదు. నోరు లేదు దానికి. కాబట్టి దాని తరఫున మనమే నోరు తెరవాలి. వాళ్ళకు ఈ ఒక్క మాట పట్టుబడితే నీ పాఠం అయిపోయినట్టే.

లోపల ఏం జరుగుతుందని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. మీ బడి చుట్టూ మామిడి తోటలే కదా. డ్రిప్పు పైపు తెలియని బిడ్డ ఉండదు. మట్టి కింద ఉన్న సన్న పైపును ఎవరో గట్టిగా తొక్కారనుకో, పైన మట్టి చెదరదు, కింద పైపు కారుతుంది, మట్టి తడిసి రంగు మారుతుంది. మన చర్మం కింద కూడా వెంట్రుక కంటే సన్నటి పైపులుంటాయి, అందులో నెత్తురు పోతుంది, దెబ్బ తగిలితే కొన్ని కారతాయి, అందుకే కమిలి నల్లగా కనపడుతుంది అని చెప్పు. చెప్పిన వెంటనే, ఊపిరి తీసుకోకుండా, రెండో సగం కూడా చెప్పెయ్యి. తోటలో పైపును రైతు వచ్చి బాగుచేయాలి, మన ఒళ్ళు మాత్రం తన పైపులను తానే బాగుచేసుకుంటుంది, మనం నిద్రపోతున్నా ఆ పని ఆగదు అని. మొదటి సగం చెప్పి ఎవరో తలుపు కొట్టారని లేచిపోయావంటే, వాళ్ళ మనసులో కారడం ఒక్కటే మిగులుతుంది.

తర్వాత రంగు పెన్సిళ్ళు తీసుకో. కమిలిన చోటు మొదట ఎర్రగా ఉంటుంది, తర్వాత నీలంగా, వంకాయ రంగుగా మారుతుంది, కొన్ని రోజులకు ఆకుపచ్చ, చివరికి పసుపు, ఆ తర్వాత మాయం. మామూలుగా రెండు వారాల పని. కారిన నెత్తురును ఒళ్ళు కొంచెం కొంచెంగా విడగొట్టి తీసేస్తుంటే ఆ రంగులు వస్తాయి. కాగితం మీద ఒక మోకాలు గీసి ఇస్తే వాళ్ళే ఆ రంగులు వేస్తారు. ఆ తర్వాత ఎవరి దెబ్బ వాళ్ళను చూపించమను. ముందు నీ దెబ్బ నువ్వు చూపించు. ఆరేళ్ళవాళ్ళకు తమ దెబ్బ చూపించి దాని కథ చెప్పడం కంటే సంతోషం ఇంకోటి ఉండదు. నిక్కర్లు పైకి లాగి 'నాది చూడు టీచర్' అని మీద పడతారు. ఆ అలవాటే మనకు కావాల్సింది.

మాటలు జాగ్రత్త. పగిలింది, చిట్లింది, తెగింది, చచ్చుబడింది అనొద్దు. 'దెబ్బ తగిలింది, బాగవుతోంది' అను. స్కాన్ అంటే ఏమిటని అడిగితే, లోపలికి తీసే ఫోటో, నొప్పి పెట్టదు, కదలకుండా పడుకోవాలి అని చెప్పు. 'వాడు చచ్చిపోతాడా?' అని ఎవడో ఒకడు అడుగుతాడు. ఉలిక్కిపడొద్దు, గద్దించొద్దు. 'డాక్టర్లు రాత్రీ పగలూ చూసుకుంటున్నారు, వాళ్ళు చెప్పగానే నీకు చెప్తా' అను. నీకు తెలియని దానికి మాట ఇవ్వొద్దు.

ఆ అబ్బాయి చెల్లెలు ఒకటో తరగతిలోనే ఉందని మీ నాయన అన్నాడు. పాపా, పాఠం అంతా ఒక ఎత్తు, ఆ బిడ్డ ఒక ఎత్తు. ఆ వయసు పిల్లలు ఏం జరిగినా తమ వల్లే జరిగిందనుకుంటారు. ఆ రోజు పొద్దున పెన్సిల్ కోసం అన్నతో పోట్లాడి 'పో, పడిపో' అని ఉంటుంది. అంతే, తన మాట వల్లే పడ్డాడని అనుకుంటూ ఉంటుంది. నేను చూసిన తోబుట్టువులందరిలోనూ ఇది ఉంది. అడిగితే చెప్పరు. నువ్వే దగ్గర కూర్చోబెట్టుకుని, జడ వేస్తూనో, గుండీ పెడుతూనో చెప్పు, 'నువ్వు అన్న మాటల వల్ల, అనుకున్న మాటల వల్ల ఎవరూ పడరు, బండి జారింది కాబట్టి పడ్డాడు' అని. ఒక్కసారి కాదు, నాలుగైదు రోజులు చెప్పు. ఆ పాఠానికి ఆ బిడ్డ కూర్చోవాలా వద్దా అన్నది వాళ్ళమ్మను అడుగు.

పిలకాయలకు చెప్పాల్సింది అంతే. పెద్దవాళ్ళకు చెప్పాల్సింది వేరే ఉంది. ఆ రోజు సాయంత్రం బిడ్డలను తీసుకుపోవడానికి వచ్చే తల్లులను, అవ్వలను గేటు దగ్గర ఆపి చెప్పు. తలకు తగిలాక మళ్ళీ మళ్ళీ వాంతులు, తగ్గని తలనొప్పి, మత్తు, తికమక మాటలు, నడకలో తూలు, ఫిట్స్, ముక్కులో నుంచో చెవిలో నుంచో నీళ్ళలాంటిది రావడం, వీటిలో ఏ ఒక్కటి కనపడినా 108కి ఫోన్ చేయాలి. నిద్రపోనే కూడదని కాదు, కానీ తట్టి లేపితే మామూలుగా లేవాలి, అమ్మను గుర్తుపట్టి విసుక్కోవాలి. అలా లేవకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. ఈ మాట రెండుసార్లు చెప్పు నా తరఫున.

కడుపు సంగతి కూడా. సైకిల్ మీద నుంచి పడితే హ్యాండిల్ కొన కడుపులో గుచ్చుకుంటుంది. పైన రూపాయి బిళ్ళంత మచ్చ ఉంటుంది, అంతే. పిల్లల పక్కటెముకలు మెత్తన, విరగకుండా వంగుతాయి, ఆ దెబ్బ లోపల కాలేయానికో, ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహానికో తగులుతుంది. కడుపునొప్పి పెరుగుతుంటే, కడుపు గట్టిపడితే, బిడ్డ పాలిపోతే, ఎడమ భుజం నొప్పి అన్నా సరే, పోవాల్సిందే. సంక్రాంతికి మన చంద్రగిరి వైపు పశువుల పండగలో గోడల మీద కూర్చున్న పిలకాయలను చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తుకొస్తుంది. ఏ ఆవో ఊరికే తల విదిల్చినా చాలు, కొమ్ము కడుపుకు తగలడానికి.

మనవాళ్ళకు పుత్తూరు కట్టు మీద నమ్మకం ఎక్కువ. చెయ్యి వంకర పోతే ముందు పుత్తూరు గుర్తుకొస్తుంది, తర్వాతే ఆసుపత్రి. నేను తిట్టను, మీ అబ్బ మోచేయికి కూడా అక్కడే కట్టించారు. నేనైతే ఇప్పుడు ఎక్స్‌రే తీయించనిదే ఏ కట్టూ కట్టనివ్వను. తల, కడుపు మాత్రం కట్టు కట్టే దెబ్బలు కావు. వాటికి ఆ దారిలో ఒక్క గంట కూడా పోకూడదు.

బొప్పి కట్టిందని అరచేత్తో గట్టిగా రుద్దడం మానమను. మొదటి రెండు రోజులు చల్లదనమే మందు. గుడ్డలో చుట్టిన ఐసు పది, పదిహేను నిమిషాలు, బడిలో ఫ్రిజ్ లేదు కాబట్టి కుండనీళ్ళలో ముంచిన తువ్వాలు. కొంగు ముడుచుకుని ఊది వెచ్చగా అద్దే అవ్వలను మాత్రం ఏమీ అనొద్దు. ఆ ఊపిరికి వాపు తగ్గదు కానీ బిడ్డ ఏడుపు ఆపుతుంది. ఇంకోటి, 'నేల కొట్టిందా, నేలను కొడదాం పట్టు' అంటారు చూడు, అది నాకు అస్సలు గిట్టదు. దెబ్బ తగిలితే ఎవరో ఒకరిని కొట్టాలని రెండేళ్ళ బిడ్డకు ఎందుకు నేర్పాలి? అలా నేర్చుకున్న బిడ్డ తర్వాత తన తప్పని అనుకున్నప్పుడు తననే కొడతారనుకుని దాక్కుంటుంది.

ఇక నాకు అన్నిటికంటే భయమైన మాట. నీ దెబ్బ చూపించు అంటావు కదా, ఏ బిడ్డో వీపో, తొడో, చెవి వెనకో చూపించి, 'మా నాయన కొట్టాడు' అనొచ్చు. ఆడుకునే బిడ్డకు ముంజేతులు, మోకాళ్ళు, నుదురు కమలడం మామూలు. మెత్తటి చోట్లు, వీపు, కడుపు, బుగ్గ, చెవి, మెడ, కమిలితే ఆలోచించాలి. బెల్టు మాదిరి, వేళ్ళ మాదిరి గుర్తులుంటే ఇంకా. ఆ నిమిషంలో నీ మొహం మారకూడదు. 'చెప్పి మంచి పని చేశావు' అని, అందరిలో ఆపి, తర్వాత పక్కకు పిలువు. ఒకటికి పదిసార్లు గుచ్చి గుచ్చి అడగొద్దు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వొద్దు. ఇంటికి పోయి తండ్రిని నిలదీయొద్దు, ఆ రాత్రి మళ్ళీ ఆ బిడ్డకే పడతాయి. హెడ్మాస్టరుకు చెప్పు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి, అది రాత్రీ పగలూ పలుకుతుంది. తొందరపడి నిందా వేయొద్దు. పసిబిడ్డల నడుం కింద నీలి మరకలుంటాయి, పుట్టుకతో వచ్చినవి, చూస్తే కమిలినట్టే ఉంటాయి. నేనే ఒకసారి మోసపోయాను.

కొట్టింది టీచరే అని ఏ బిడ్డో చెప్తే? అప్పుడు కూడా అంతే. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని నిషేధించింది. స్టాఫ్ రూములో నీతో మాట్లాడటం మానేస్తారేమోనని నాకు దిగులుగానే ఉంది. అయినా చెప్పాల్సిందే.

రాసేకొద్దీ పెరుగుతోంది. ఇవన్నీ చదివి భయపడొద్దు పాపా. నేను బిడ్డల దెబ్బలు చూసింది ముప్పై నాలుగేళ్ళు, అందులో నూటికి తొంభై పైన ఒక ముద్దుతో, ఒక తడిగుడ్డతో పోయేవే. నీకు మూడేళ్ళప్పుడు కొండ మీద పుట్టెంట్రుకలు తీయించి దిగి వస్తుంటే అలిపిరి మెట్ల మీద నువ్వు బోర్లా పడ్డావు. గుండుకు గంధం దట్టంగా పూసి ఉండటంతో ఎక్కడ తగిలిందో కనపడలేదు. అందరూ 'ఏం కాలేదు, ఏం కాలేదు' అంటున్నారు. నేను నిన్ను ఒళ్ళో వేసుకుని, వేళ్ళతో నీ గుండంతా తడిమాను. గంధం అట్టలు కట్టి రాలుతుంటే ఎడమ కణత పైన చింతగింజంత బొప్పి దొరికింది. 'ఇక్కడా?' అన్నాను. నువ్వు ఏడుపు ఆపి, నా వేలు పట్టుకుని ఇంకొంచెం పక్కకు జరిపి, 'ఇక్కడ' అన్నావు. ఆ రాత్రి గంటకోసారి నిన్ను లేపాను. లేపినప్పుడల్లా నన్ను తన్నావు, నాకు ప్రాణం లేచొచ్చింది.

శనివారం మధ్యాహ్నం బస్సుకు వచ్చెయ్యి. సంగటి కెలికి, ఊరిబిండి నూరి పెడతాను. తిన్నాక నన్ను ఆరేళ్ళ పిల్లననుకుని ఎదురుగా కూర్చుని ఆ పాఠం మొత్తం నాకు చెప్పు. మధ్యలో నేను ప్రశ్నలు వేస్తాను, చచ్చిపోతాడా అని కూడా అడుగుతాను. రంగు పెన్సిళ్ళు మర్చిపోకుండా తీసుకురా, ఆకుపచ్చ తప్పకుండా ఉండాలి.

మీ అత్త